పాత రాగి ఏం చేశాడు?

ముందు షాపు సంగతి చెప్పేస్తాను, నా సొద తర్వాత.

అంబాజీపేటలో కొబ్బరి లారీలు ఆగే రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో మోటారు వైండింగ్ షాపు ఉంది. రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు. బోర్డు మీద షాపు పేరు ఎండకీ వానకీ వెలిసిపోయింది. కింద నల్లరంగుతో రాసిన ‘రీజనబుల్ రేట్లు’ అన్న వరస మాత్రం ఇంకా చదవొచ్చు. మొన్న మే నెలలో మా ఇంటి అర హెచ్‌పీ మోటారు అక్కడ వైండింగ్ చేయించాను, అంటే లోపల కాలిన తీగ తీసి కొత్త తీగ చుట్టించాను. బేరింగులు, సీలు, కెపాసిటర్ అన్నీ కలిపి 1,789 అయింది. చెప్పిన రోజుకి, చెప్పిన గంటకి ఇచ్చాడు. ఆరు నెలలు దాటింది, మోటారు నడుస్తోంది. ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కూడా చెబుతాను.

తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతాదంతా ఆ బోర్డు మీది మాట గురించి.

నేను 31 ఏళ్లు మున్సిఫ్ కోర్టులో టైపిస్టుగా చేశాను. సాక్షి బోనెక్కి తెలుగులో చెప్పేవాడు. జడ్జిగారు దాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవారు, నేను టకటకా కొట్టేదాన్ని. ‘ఆ రేటు సబబుగా లేదండి’ అని ఒకడు, ‘ధర్మం కాదండి’ అని ఇంకొకడు, ‘అడ్డగోలుగా అడిగాడండి, ఆయ్’ అని మరొకడు, ‘మాకు గిట్టదు బాబూ’ అని ఒక ముసలాయన. కాగితం మీదకి వచ్చేసరికి నలుగురూ ఒకటే అన్నట్టు పడేది, నాట్ రీజనబుల్ అని. ముసలాయన గొంతులోని దిగులు, ఆ ‘ఆయ్’లోని కోపం నా టైపు మిషను మీద అచ్చయ్యేవి కావు.

రిటైరయ్యాక చూస్తే వ్యవహారం తిరగబడింది. ఇప్పుడు జడ్జిగారు మార్చక్కర్లేదు, జనమే నేరుగా రీజనబుల్ అంటున్నారు. దాని వెనక సబబు ఉందో, గిట్టుబాటు ఉందో, అడ్డగోలు ఉందో వినేవాళ్లం తవ్వుకోవాలి.

ఆటో ఎక్కుతూ ‘ఎంతయ్యా?’ అంటే ‘రీజనబుల్‌గా ఇవ్వండమ్మా, మీకు తెలియందేముంది’ అంటాడు. అంకె ముందు మీ నోట రావాలి, ఆ తర్వాత నేను మొహం మాడ్చుకుంటాను అని దాని అర్థం. కొబ్బరి దింపుకి వచ్చేవాళ్లు నయం, చెట్టుకి ఇంత అని ముందే చెప్పి ఎక్కుతారు. స్థలాల బ్రోకరు ‘సెంటు రీజనబుల్‌గానే ఉందండి’ అన్నాడంటే, అసలు రేటు వినే ముందు మీరు కుర్చీ చూసుకోవాలి. పెళ్లిళ్ల పేరయ్యల సంగతి సరేసరి. ‘వాళ్లకి పెద్ద ఆశ లేదమ్మా, రీజనబుల్‌గా ఇస్తే చాలంటున్నారు.’ వరకట్నాన్ని 1961లోనే చట్టం నిషేధించింది. నిషేధించినదానికి రీజనబుల్ అనే కొలత ఎక్కడిదండీ అని మా రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఒకాయన్ని అడిగాను. ఆయన మళ్లీ మా వీధిలోకి రాలేదు.

ఇంకో విచిత్రం ఉంది. ఇంగ్లీషులో మనిషిని కూడా రీజనబుల్ అంటారు. చెబితే వినేవాడు, కారణం చూపిస్తే ఒప్పుకునేవాడు అని. మనం ఆ మాటని ఇంట్లోకి రానివ్వలేదు, కొట్టు గుమ్మం దగ్గరే ఆపేశాం. మా తోడికోడలు రీజనబుల్ అని నేనెప్పుడూ అనలేదు. వంకాయలు రీజనబుల్ అని మాత్రం వారానికోసారి అంటాను.

ఈ మాట రాకముందు మన బోర్డుల మీద ‘సరసమైన ధరలు’ అని ఉండేది. బట్టల కొట్ల కరపత్రాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ధరతో సరసమేమిటని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. రేషన్ షాపు సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషులో దాని పేరు ఫెయిర్ ప్రైస్ షాప్, అంటే న్యాయమైన ధర. తెలుగులోకి వచ్చేసరికి చౌక ధరల దుకాణం అయింది. న్యాయం కాస్తా చవకైపోయింది. రీజనబుల్‌కీ మనవాళ్లు అదే గతి పట్టించారు. పది రూపాయలు తగ్గితే రీజనబుల్, పెరిగితే కాదు.

అమ్మేవాడి వైపు నుంచి చూసే మాట మనకి వేరే ఉంది, గిట్టుబాటు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం అని నాట్లు మానేసినప్పుడు ఊరూరా అదే మాట. కొనేవాళ్లకి సరసం, అమ్మేవాళ్లకి గిట్టుబాటు. ఇద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టే మాట కావాలంటే సబబు ఉంది. అది అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చింది, అక్కడ సబబ్ అంటే కారణం. మనం కారణాన్నే న్యాయం చేసుకున్నాం. రీజనబుల్ కడుపులో ఉన్నదీ కారణమే. మా కోర్టులో ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది, క్యారేజీ తినేశాక దాన్ని తిరగేయడం నాకు అలవాటు. రీజన్, రేట్ రెండూ లాటిన్‌లో లెక్కకట్టడం అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయని అందులోనే చదివాను. ఒక తల్లి పిల్లలన్నమాట. బోర్డుల మీద ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాం గాని, వాళ్లిద్దరికీ మాటల్లేనట్టే కనిపిస్తుంది చాలా కొట్లలో.

ఇక నా మోటారు.

భోగికి వారం ముందు స్విచ్ వేస్తే గుయ్‌మని మూలిగి ఊరుకుంది. వెనకాలే కాలిన వాసన. పండక్కి పెద్దమ్మాయి, అల్లుడుగారు, పిల్లలు వస్తున్నారు. ఎవరో చెబితే ఒక షాపుకి పట్టుకెళ్లాను. దాని పేరు చెప్పను, ఏ ఊరో కూడా చెప్పను. ‘ఎంతవుతుంది బాబూ?’ అంటే ‘రీజనబుల్‌గా వేస్తాం లెండి మేడం, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటామా’ అన్నాడు. ‘ఎప్పుడిస్తావు?’ అంటే ‘రేపు’ అన్నాడు. ఆ రేపు పన్నెండు రోజులు సాగింది. భోగినాడు పిల్లల తలంటు నీళ్లు పక్కింటివాళ్ల కుళాయి నుంచి బిందెలతో మోశాం. అల్లుడుగారు కూడా ఒక బిందె ఎత్తారు. ఆ అవమానం రేటులో కలపలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముక్కనుమ కూడా వెళ్లాక మోటారు వచ్చింది. 2,600. ఎందుకంత అంటే ‘అంతా రీజనబుల్‌గానే వేశాం మేడం.’ బిల్లు ఇమ్మంటే నోటుపుస్తకంలో కాగితం చింపి 2,600 అని రాసి కింద రెండు గీతలు గీసి చేతిలో పెట్టాడు. వాదనలు, కారణాలు ఏమీ లేకుండా తీర్పులో చివరి వాక్యం ఒక్కటే చదివినట్టు ఉంది నాకు.

తప్పు నాది కూడా. నేనే వందసార్లు టైపు కొట్టిన చట్టం ఆ రోజు నాకే గుర్తు రాలేదు. ధర ముందు అనుకోకుండా సరుకు కొంటే కొన్నవాడు రీజనబుల్ ధర ఇవ్వాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. ఎంతైతే రీజనబుల్? అది ఆయా వ్యవహారంలోని పరిస్థితులను బట్టి తేలాలి అంటుంది. గడువు సంగతి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 46వ సెక్షన్‌లో ఉంది. గడువు అనుకోకపోతే రీజనబుల్ టైములో పని చేసి ఇవ్వాలి, ఎంత టైము అన్నది ప్రతి కేసులోనూ విడిగా తేల్చుకోవాలి. వైండింగ్ కూలి సరుకు కాదు కదా, 9వ సెక్షన్ ఎలా వర్తిస్తుంది అని వకీళ్లు అంటారు. అననివ్వండి. లోపల వేసిన బేరింగులు సరుకే కదా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సెక్షన్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండేది. ఇంత చట్టం రాసినవాళ్లు ఒక్క అంకె రాయడానికి ఏం మాయరోగమని. తర్వాత తర్వాత తెలిసింది, వాళ్లు అంకె దాచలేదు. పరిస్థితులు చెప్పుకోమన్నారు. ఎంత సరుకు పట్టింది, ఎన్ని రోజుల పని, పాత రేటెంత, వేరే చోట ఎంత. అవి నాలుగూ బల్ల మీద పెడితే అంకె దానంతటదే బయటికి వస్తుంది. రీజనబుల్ అనే మాట ఆ నాలుగింటినీ బయటపెట్టడానికి పుట్టింది. మన దగ్గర మాత్రం వాటిని కప్పేయడానికి పనికొస్తోంది.

మే రెండో వారం వచ్చింది. కాలువలు కట్టేశారు. సాయంత్రమయ్యేసరికి ఓల్టేజీ దిగిపోతోంది. మోటారు మళ్లీ కాలింది. గట్టిగా నాలుగు నెలలు పనిచేసింది.

ఆ రోజు అమలాపురంలో బ్యాంకు పని చూసుకుని బస్సులో వస్తున్నాను. ఇంగ్లండు కోర్టుల్లో ఒక ముచ్చట ఉంది. ఒక మనిషి జాగ్రత్తగా ఉన్నాడా లేదా అని తేల్చాలంటే, క్లాపం బస్సులో వెళ్లే మామూలు మనిషి ఆ స్థానంలో ఉంటే ఏం చేసేవాడు అని చూస్తారు. క్లాపం లండన్‌లో ఒక పేట. మా జడ్జిగారొకరు ఇది చెప్పి ‘మనకైతే రావులపాలెం బస్సనుకోండి’ అనేవారు. నాకు ఆ బస్సు మనిషి నిజంగానే తగిలింది. పక్కసీటులో ఒకావిడ, ఒళ్లో తోటకూర కట్టలు. నా మోటారు రామాయణం అంతా విని, 2,600 ఎక్కువనీ అనలేదు, తక్కువనీ అనలేదు.

‘పాత రాగి ఏం చేశాడు అక్కయ్యగారూ?’ అంది.

నాకు అర్థం కాలేదు. వాళ్లకి రొయ్యల చెరువు ఉందట, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల మోటార్లు పంటకి మూడో నాలుగో కాలతాయట, అందుకని ఆవిడకి ఈ లెక్కలన్నీ నోటికి వచ్చు. కాలిన రాగి కూడా రాగే. పాత ఇనప సామాన్ల కొట్టులో కిలోల లెక్కన కొంటారు. షాపువాడు దాన్ని ఉంచుకుంటే బిల్లులోంచి తగ్గించాలి, లేదంటే మన తీగ మనకి ఇచ్చేయాలి. ‘ఆ లెక్క చెప్పనోడు ఏ లెక్కా చెప్పడండి’ అంది. ఈ షాపు చెప్పింది ఆవిడే. పేరు అడిగేలోపు దిగిపోయింది.

బుధవారం పొద్దున్న ఆటోలో మోటారు వేసుకుని వెళ్లాను. యాభై ఏళ్లుంటాయి అతనికి. ‘కూర్చోండి అమ్మగారూ’ అన్నాడు గాని కూర్చోవడానికి ఏమీ లేదు, నిలబడ్డాను. నా ముందే మోటారు విప్పాడు. గోడకి ఒక పలక తగిలించి ఉంది, దాని మీద సుద్దతో ఆ రోజు రాగి వైరు కిలో ఎంతో రాసి ఉంది. 1,050. నాకు అక్కడే సగం టెన్షన్ పోయింది.

మాడిపోయిన తీగ ఒకటి బ్లేడుతో గీకి నా కళ్ల ముందు పెట్టాడు. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా మెరిసింది. ‘ఇది రాగి కాదండి, అల్యూమినియం’ అన్నాడు. కరెంటుని పారనిచ్చే గుణం రాగితో పోలిస్తే అల్యూమినియానికి అరవై శాతం చిల్లరే, అందుకని అదే లావు తీగ అయితే ఎక్కువ వేడెక్కుతుంది. తీగ కూర్చే స్లాట్లలో ఉన్న చోటు అంతే కాబట్టి మరీ లావు తీగ పట్టదు. ఓల్టేజీ తగ్గితే మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగ వేడెక్కుతుంది, మే నెల ఎండ దానికి తోడు. ఇదంతా అతను పాఠంలా చెప్పలేదు, స్క్రూలు విప్పుతూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చివర్లో ఒక మాట అన్నాడు. ‘అల్యూమినియం వేయడం తప్పు కాదండి. చెప్పి వేసి, ఆ రేటు తీసుకుంటే తప్పేంలేదు. రాగి రేటు తీసుకుంటేనే తప్పు.’

అయితే నా పాత రాగి? కంపెనీ మోటారులో మొదట ఉన్నది రాగే. అది సంక్రాంతికే ఆ మొదటి షాపులో ఉండిపోయింది. ‘ఈ సైజుకి ఏడొందల గ్రాములు వచ్చుంటుందండి. కాలిన రాగి కిలో 600 వేసుకోండి’ అన్నాడు. నోటితో లెక్క కట్టాను. 420 వచ్చింది. నేను పకపకా నవ్వుతుంటే అతనికి అర్థం కాలేదు. మోసం సెక్షను ఇప్పుడు న్యాయ సంహితలో 318 అయింది గాని, కోర్టు గాలి పీల్చినవాళ్లకి 420 ఎక్కడికి పోతుందండీ.

రేటు నేను అడగకముందే కాగితం మీద వేశాడు. వైరు 780 గ్రాములు, 819. ఇన్సులేషన్ కాగితం, స్లీవులు, వార్నిష్ కలిపి 110. బేరింగులు రెండు, 220. కెపాసిటర్ 80. సీలు 90. కూలి 500. పాత అల్యూమినియం తీగకి 30 తగ్గింపు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, కూడిక మాత్రం తప్పు లేదు, రెండుసార్లు చూశాను. వైరు చుట్టకముందూ చుట్టాకా కాటా మీద పెట్టి చూపిస్తానన్నాడు. నేను 9వ సెక్షన్ గురించి చెప్పబోతే ‘చట్టం దాకా ఎందుకండీ, కాటా ఉంది కదా’ అన్నాడు.

గడువు కూడా అలాగే చెప్పాడు. శనివారం సాయంత్రం నాలుగింటికి రమ్మన్నాడు. రేపు ఎందుకివ్వవు అంటే ‘ఇవాళ పాతది ఊడదీయాలి, రేపు చుట్టాలి, ఎల్లుండి వార్నిష్ పోస్తే ఒక రాత్రయినా ఆరాలి. ఆరకుండా బిగిస్తే మళ్లీ నా నెత్తికే వస్తుందండి’ అన్నాడు. మూడు రోజులు బిందెలు మోయడం నాకు అంత బరువనిపించలేదు. సంక్రాంతి బిందెల్లో ఉన్నవీ అవే నీళ్లు.

అన్నిటికీ కారణం చెప్పినవాడు కూలి 500 ఎందుకంటే మాత్రం తడుముకున్నాడు. కాసేపు ఆగి ‘అది నా చెయ్యండి’ అన్నాడు. ఇది నన్ను చాలా రోజులు తినేసింది. తీగకి కాటా ఉంది, బేరింగుకి కంపెనీ రేటు ఉంది, చేతికి ఏముంది? రెండు పూటలు వంగి కూర్చుని వందల చుట్లు లెక్క తప్పకుండా చుట్టినదానికి 500 ఎక్కువని నేననను. తక్కువేమో కూడా. కాని ఈ ఒక్కచోటా అతను కూడా నన్ను ఆటోవాడిలాగే నమ్మమన్నాడు. నమ్మాను.

ఇక ఆ కోసేసిన స్టారు. ఇంటికి తెచ్చి బిగిస్తే మోటారు వెనక ఫ్యాను కవరు గడగడలాడింది. నాలుగు స్క్రూలకి రెండే పెట్టాడు. మళ్లీ ఆటో, మళ్లీ 300. స్క్రూలు ఊరికే పెట్టాడు, సారీ కూడా చెప్పాడు. ఆటో డబ్బు సంగతి ఎత్తితే ‘ఆటో నాది కాదు కదండీ’ అన్నాడు. నాదీ కాదు కదయ్యా అన్నాను. ఇద్దరం ఒప్పుకోలేదు. ఇది మాత్రం సబబు కాదు, ఎవరి ముందైనా చెబుతాను. ఒంటిగంట నుంచి నాలుగు వరకు షాపు మూసేస్తాడు, అది తెలియక వెళ్తే వేపచెట్టు కింద నిలబడాలి. కుర్రాళ్లు బేరమాడితే విసుక్కుంటాడు. నేనున్నప్పుడే ఒకణ్ణి ‘కాటాతో బేరమేంట్రా’ అని కసిరాడు. ఇంటికి వచ్చి విప్పమంటే రాడు.

పోయిన వారం కొబ్బరికాయల పని మీద అటు వెళ్తూ పలకరించాను. బోర్డు మార్పిస్తున్నాడట. పాతది ముందున్న ఓనరు రాయించిందట. ‘మీరు చదువుకున్నోళ్లు కదండీ, రీజనబుల్ రేట్లు అనే ఉంచమంటారా, సరసమైన ధరలు అని రాయించనా?’ అని అడిగాడు. రెండూ వద్దు, లోపలున్న పలక తెచ్చి బయట తగిలించు చాలు అన్నాను. నచ్చినట్టే ఉంది. ‘కాని షాపు పేరైనా రాయించాలి కదండి, పెయింటరుకి చెప్పాను’ అన్నాడు.

ఎంత అడిగాడు అన్నాను.

‘ఆయ్, రీజనబుల్‌గా ఇవ్వమన్నాడండి.’